గట్టు లోపలి ఊళ్లు

డెల్టాను కాపాడే ఏటిగట్లకూ, గోదావరికీ నడుమ బతుకుతున్న లంక రైతుల కథ

ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలకు ఇరువైపులా ఎత్తైన గట్లున్నాయి. గట్టెక్కి నిలబడితే ఒక పక్క కాలవలు, వరిచేలు, కొబ్బరితోటలు, కోనసీమ అనగానే అందరికీ గుర్తొచ్చే పచ్చదనం కనిపిస్తాయి. రెండో పక్క నది. పుస్తకాల్లో మనం చదువుకున్న డెల్టా చరిత్రంతా మొదటి పక్కది. రెండో పక్క, గట్టుకీ నీళ్లకీ మధ్య, కొన్నిచోట్ల నది నడిబొడ్డునే ఊళ్లున్నాయి. ఆ ఊళ్లలో ఇళ్లు, బడులు, గుళ్లు, చర్చిలు ఉన్నాయి, తరాలుగా దున్నుతున్న రైతులున్నారు. చరిత్రలో మాత్రం వాళ్లకు చోటు దక్కలేదు.

పి.గన్నవరం మండలంలోని ఊడిమూడిలంక, జి.పెదపూడిలంక, బూరుగులంక, అరిగెలవారిపేట అలాంటివే. ఎండాకాలంలో బూరుగులంక రేవు దగ్గర పాయకు అడ్డంగా మట్టిబాట వేసుకుని ఆ నాలుగు ఊళ్లవాళ్లూ రాకపోకలు సాగిస్తారు. జులైలో ఎర్రనీరు తగలగానే ఆ బాట తెగిపోతుంది. ఇక బడికెళ్లే పిల్లలైనా, పాలక్యాన్లైనా, అరటిగెలలైనా, కాన్పుకెళ్లాల్సిన ఆడపిల్లైనా పడవెక్కాల్సిందే. అక్కడికి కొద్ది దూరంలోని కనకాయలంక సంగతి ఇంకా చిత్రం. రికార్డుల్లో అది పశ్చిమ గోదావరి జిల్లా యలమంచిలి మండలంలోది. ఊళ్లోకి దారి మాత్రం కోనసీమ వైపు నుంచి, చాకలిపాలెం కాజ్‌వే మీదుగా. గోదారొచ్చిందంటే ముందు మునిగేది ఆ కాజ్‌వేనే. వశిష్ఠ పాయలో ఆచంట మండలానికి చెందిన అయోధ్యలంక, పుచ్చల్లంక వాసులదీ ఇదే బతుకు.

వానాకాలంలో ఈ ఊళ్లలో ఇద్దరు ఎదురుపడితే మొదట వచ్చే మాట వానల గురించి కాదు, భద్రాచలం గురించి.

"బావా, భద్రాచలం ఎంతుందంట?"

"నలభై ఎనిమిది దాటిందంట. రేపటికి మన మెరకలెక్కేస్తది."

భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఆ అంకెలు 11.75, 13.75, 17.75 అడుగులు. అంటే సుమారుగా 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు. భద్రాచలం నీరు ఇక్కడికి రావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. పశువుల్ని గట్టు మీదికి తోలాలన్నా, బియ్యం బస్తాలు అటకెక్కించాలన్నా, కోతకొచ్చిన గెలల్ని దించాలన్నా ఆ ఒక్క రోజే వ్యవధి. పేపర్లలో మొదటి హెచ్చరిక ఎగురవేశారన్న వార్త లోపలి పేజీలో చిన్నదిగా వస్తుంది. లంకల్లో మాత్రం పల్లపు చేలు అప్పటికే నీళ్లలో ఉంటాయి.

లంక ఒక్క ఏడాదిలో పుట్టదు. వరద తీసిన తర్వాత నది మధ్యలో ఇసుక తిన్నె మిగులుతుంది. దాని మీద రెల్లు, తుంగ మొలుస్తాయి. మరుసటేడు వరద వచ్చినప్పుడు ఆ గడ్డి దుబ్బులు నీటి వేగాన్ని ఆపి ఒండ్రును పట్టుకుంటాయి. అలా ఏటేటా పొర మీద పొర పడి తిన్నె మెరకవుతుంది. గట్టు మీది ఊళ్లలో సెంటు భూమి లేనివాళ్లు పశువుల్ని మేపుకోవడానికి ముందు అక్కడికి చేరేవారు. నీరు తీశాక దోస, పుచ్చ పాదులు పెట్టేవారు. ఇంకొన్నేళ్లకు మినుము, పెసర, జనుము చల్లేవారు. కాపలాకని పాక వేసేవారు. పాక పక్కన ఇంకో పాక లేచేది. కొబ్బరిచెట్టు కాపుకొచ్చిందంటే ఇక ఆ కుటుంబం గట్టుకు తిరిగి వెళ్లదన్నమాటే. ఏ రాజూ శాసనం వేయించి పుట్టించిన ఊళ్లు కావివి, అగ్రహారాలూ కావు. అందుకే ఇవి ఎప్పుడు పుట్టాయో చెప్పే రాగిరేకు ఎక్కడా దొరకదు. సముద్రానికి దగ్గరగా ఉన్న బెండమూర్లంక ఒక్కటి వేరు. పద్దెనిమిదో శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ అక్కడ వర్తక స్థావరం పెట్టుకోవడంతో ఆ పేరు తెల్లవాళ్ల దస్తావేజుల్లోకి ఎక్కింది. మిగతా లంకల పుట్టుక ముసలివాళ్ల నోట విని తెలుసుకోవాల్సిందే.

కాటన్ గీసిన గీత

1833 నాటి కరువు, 1839లో కోరంగిని ముంచిన తుపాను గోదావరి ప్రాంతాన్ని చావుదెబ్బ తీశాయి. జనం చనిపోయినవాళ్లు చనిపోగా మిగిలినవాళ్లు వలసపోయారు, శిస్తు పడిపోయింది. 1844లో ఆర్థర్ కాటన్ ఆనకట్ట కట్టాలని నివేదిక ఇచ్చాడు. 1847లో మొదలైన పని 1852కి పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా నది మీద గోడ లేచింది. కాలవలు తవ్వారు. ఆ కాలవల కింద ఇప్పుడు పది లక్షల ఎకరాలకు పైగా సాగవుతోంది. కాటన్ బొమ్మ లేని ఊరు డెల్టాలో అరుదు. ఆ కృతజ్ఞతలో అతిశయం లేదు, ఆ మనిషి దానికి అర్హుడే.

పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద కట్టిన అక్విడక్టును చూస్తే ఆనాటి సాహసం ఇంకా బాగా తెలుస్తుంది. నది మీదుగా కాలవను దాటించి అవతలి నగరం సీమకు నీళ్లిచ్చారు. 49 ఆర్చీలతో కట్టిన ఆ వారధి పనిని ముందుండి నడిపించినవాడు మన తెలుగు ఇంజినీరు వీణం వీరన్న. ఆయన పేరు కాటన్ పేరంత మోగకపోవడం నాకెప్పుడూ బాధగానే ఉంటుంది.

కానీ ఆ కాలవ కింది పాయలోని లంకలకు అందులోంచి చుక్క నీరు రాలేదు. నీళ్లు వాళ్ల నెత్తి మీదుగా అవతలి ఒడ్డుకు పోయాయి. లంక రైతు ఏతం తొక్కుకున్నాడు, తర్వాత ఆయిల్ ఇంజను, ఆ తర్వాత ఫిల్టర్ పాయింటు దించుకున్నాడు. నీళ్ల విషయంలో అతను ప్రభుత్వానికి ఎన్నడూ బాకీపడలేదు.

నీళ్లు రాకపోవడం చిన్న విషయం. పెద్దది గట్టు. డెల్టా పనులతో పాటే వరదగట్లు కట్టారు, ఆ తర్వాత ఎన్నోసార్లు ఎత్తు పెంచారు. గట్లు లేని రోజుల్లో పెద్ద వరద వస్తే డెల్టా అంతటా పరుచుకుని పలచబడేది. గట్లు వచ్చాక ఆ నీరంతా రెండు గట్ల నడుమే పోవాలి. బయటి ఊళ్లను తప్పించిన నీరు లోపలి ఊళ్ల మీద అంత ఎత్తుకు లేస్తుంది. డెల్టా భద్రత కోసం లంకలు ఏటా చెల్లిస్తున్న పన్ను ఇది. ఏ జమాబందీలోనూ ఇది రాయలేదు, దీనికి రసీదూ ఇవ్వలేదు. ఇరిగేషన్ వాళ్ల లెక్కలో గట్టు లోపలిదంతా నదిగర్భం. నదిగర్భంలో మనుషులుంటే తప్పు ఆ మనుషులదే అన్నట్టు మాట్లాడే అధికారులు ఇప్పటికీ ఉన్నారు.

ఈ నేల ఎవరిది?

లంకల కథలో అసలు ముడి ఇక్కడుంది. నది వేసిన నేల ఎవరికి చెందాలి? బెంగాలులో గంగ, బ్రహ్మపుత్ర వేసే చర భూముల కోసం కంపెనీ ప్రభుత్వం 1825లోనే ఒక రెగ్యులేషన్ చేసింది. ఎవరి భూమికి ఆనుకుని మేట పడితే కొంతవరకు వాళ్లకే హక్కు వచ్చేలా అందులో ఏర్పాటుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో నది మధ్య లేచిన లంక సర్కారుదే. ఏటా, లేదా కొన్నేళ్లకోసారి వేలం పెట్టేవారు. దాన్ని లంకపాట అనేవారు. ఎక్కువ పాడినవాడికి లంక దక్కేది. పాడగలిగే డబ్బు గట్టు బయటి ఆసాముల దగ్గర ఉండేది. దున్నేవాడు వాళ్ల కింద కౌలుదారో పాలేరో అయ్యేవాడు. తిన్నెను నేలగా మార్చింది ఒకరు, పాట పాడింది మరొకరు.

గోదావరి సముద్రంలో కలిసే చోట లేచిన దీవుల మీద హక్కు కోసం నడిచిన ఒక దావా లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1916లో వచ్చిన ఆ తీర్పును సెక్రటరీ ఆఫ్ స్టేట్ వర్సెస్ చెలికాని రామారావు కేసుగా లాయర్లు ఇప్పటికీ ఉదహరిస్తారు. ఆ దీవుల్ని ప్రభుత్వం రిజర్వు అడవిగా ప్రకటించాలనుకుంది. మా అనుభవంలో ఉన్నాయని కక్షిదారులు అడ్డుపడ్డారు. తీరానికి మూడు మైళ్ల లోపు సముద్రంలో కొత్తగా లేచిన నేల చక్రవర్తిదేనని, కాదనేవాళ్లు అరవై ఏళ్ల నిరాటంక అనుభవం రుజువు చేసుకోవాలని ప్రివీ కౌన్సిల్ తేల్చింది. అరవై ఏళ్లు! ఒక పెద్ద వరదకు రూపు మారిపోయే నేల మీద, కాగితం ముక్క లేని మనిషి మూడు తరాల అనుభవాన్ని రుజువు చేయాలన్నమాట. సముద్రపు దీవుల గురించి చెప్పిన మాటే అయినా, నీటిలోంచి లేచిన నేల పట్ల ప్రభుత్వాల మనసు ఎలా ఉంటుందో ఆ తీర్పులో కనిపిస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చాక చాలా లంకల్ని వ్యవసాయ కూలీల సహకార సంఘాల పేరిట కౌలుకిచ్చారు. వాటిలో సభ్యులు ఎక్కువగా దళితులు. తరతరాలుగా ఇతరుల పొలాల్లో నాట్లు వేసినవాళ్లు మొదటిసారి తమదనుకునే పంట కోసుకున్నది ఈ సొసైటీ లంకల్లోనే. సొసైటీ భూములు బినామీ పేర్ల మీద పెద్దల చేతుల్లోకి జారిపోయిన ఊళ్లూ ఉన్నాయి. అయినా భూసంస్కరణల కథ చెప్పుకునేటప్పుడు ఈ అధ్యాయాన్ని వదిలేయడం న్యాయం కాదు. లంక ఊళ్లలో మేడ కట్టుకున్న, పిల్లల్ని ఉద్యోగాలకు పంపుకున్న దళిత కుటుంబాలు ఎన్నో ఆ ఒండ్రు నేల మీదే నిలదొక్కుకున్నాయి.

గౌతమి ఒడ్డున, యానాం ఎదురుగా ఉన్న ఎదుర్లంకలో 1951లో పుట్టిన జి.ఎం.సి. బాలయోగి 1998లో లోక్‌సభ స్పీకరయ్యారు. ఆ పీఠమెక్కిన తొలి దళితుడు ఆయనే. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన పోయారు. ఎదుర్లంకకూ యానానికీ మధ్య గౌతమి మీది వంతెన ఇప్పుడు ఆయన పేరే మోస్తోంది. లంకల్లో పుట్టిన మనిషికి వంతెన విలువ ఒకరు చెప్పాల్సిన పని లేదు.

చుట్ట నుంచి గెల దాకా

ఒకప్పుడు లంక అంటే పొగాకు. వరద తీసిన కొత్త ఒండ్రులో నాటిన మొక్కకు ఎరువు అక్కర్లేదు. మంచు కురిసే నెలల్లో ఆకు ముదిరేది. కోసి పందిళ్లలో వేలాడదీసి ఆరబెట్టి, దొంతులు పేర్చి మాగబెట్టేవారు. ఘాటుకు లంక పొగాకును మించింది లేదని చుట్ట కాల్చేవాళ్ల మాట. గోదావరి జిల్లాల్లో సంతకెళ్లిన ప్రతి ముసలాయన మొలలోనూ ఆ కాడ ఉండేది. 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థను రాజమండ్రిలో పెట్టడానికి గోదావరి తీరంలో అప్పటికే పాతుకుపోయిన పొగాకు సేద్యం ఒక కారణం.

సిగరెట్టు వచ్చి చుట్టను తోసేసింది. పొగాకు తగ్గిన చోట అరటి, కంద, పసుపు, తమలపాకు, కూరగాయలు, బంతి, చామంతి వచ్చాయి. రావులపాలెం అరటి మార్కెట్టుకు చేరే కర్పూర, చక్కెరకేళి, బొంత గెలల్లో లంకల వాటా పెద్దది. మడికి కూరగాయల మార్కెట్టుకు తెల్లవారేసరికి చేరే బీర, దొండ, వంకాయల్లో చాలావరకు ముందు పడవెక్కి, తర్వాత ఆటో ఎక్కి వచ్చినవే. గట్టు బయటి రైతు సార్వా, దాళ్వా అని రెండు వరిపంటల చుట్టూ తిరుగుతుంటే, లంక రైతు ఒకే ఎకరంలో నాలుగు రకాలు వేసి ఏదో ఒకటి దక్కుతుందని చూసుకుంటాడు. 2011లో గిట్టుబాటు ధర లేక కోనసీమ వరి రైతులు పంట విరామం ప్రకటించి చేలను బీడుపెట్టినప్పుడు దేశమంతా ఇటు చూసింది. లంక రైతుకు విరామం ప్రకటించే వీలు కూడా ఉండదు. ఏ ఏడు ఆగాలో, ఏ ఏడు సాగాలో అతని తరఫున నదే నిర్ణయిస్తుంది.

దేశమంతటికీ మొక్కలు పంపే కడియం నర్సరీల కేంద్రాలు కడియపులంక, బుర్రిలంక. ఆ పేర్లలో లంక ఉందని మొక్కలు కొనడానికి వెళ్లేవాళ్లకు తోచదు కూడా. గోదావరి ఒండ్రులో చెయ్యి తిరిగిన రైతు ఏం చేయగలడో ఆ రెండు ఊళ్లు చూపిస్తున్నాయి. రోడ్డు ఉంది, రైలు దగ్గర, పక్కనే హైవే. బూరుగులంక రైతు చేతిలోనూ ఆ పనితనమే ఉంది. అతనికి రోడ్డు లేదు.

నాలుగు వరదలు

లంకల్లో వయసు చెప్పుకోవడానికి వరదలే గుర్తులు. 1953 వరదకు పుట్టినవాళ్లు ఇప్పుడు తాతలు, మామ్మలు. ఆ ఏడు ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 30 లక్షల క్యూసెక్కుల స్థాయిలో నీరు పోయింది. 1986 ఆగస్టులో 35 లక్షలు దాటింది, అదే ఇప్పటికీ రికార్డు. ఆ రోజుల్ని చూసినవాళ్లు చెట్ల మీద గడిపిన రాత్రుల గురించి, కొట్టుకొచ్చిన పశువుల గురించి, ఒకే కొమ్మ మీద పాముతో కలిసి కూర్చున్న సంగతుల గురించి ఇప్పటికీ గొంతు తగ్గించే చెబుతారు. 2006 ఆగస్టులో 28 లక్షలు దాటిన వరదకు శానపల్లిలంక, మొండెపులంక దగ్గర ఏటిగట్లే తెగిపోయాయి. అప్పుడు గట్టు బయటివాళ్లకూ లంక బతుకు అంటే ఏమిటో తెలిసొచ్చింది. దాని తర్వాతే గట్ల బలం గురించి ప్రభుత్వం గట్టిగా ఆలోచించింది.

2022 ఏప్రిల్ 4న కోనసీమ కొత్త జిల్లా అయింది. నాలుగు నెలలు తిరగకుండా జులైలోనే, అంత తొందరగా ఎవరూ ఊహించని వరద వచ్చింది. దాదాపు 26 లక్షల క్యూసెక్కులు. సాధారణంగా ఆగస్టులో వచ్చే గోదావరి జులై మధ్యలోనే రావడంతో కంద, పసుపు, కూరగాయలు ఏ దశలో ఉన్నవి ఆ దశలోనే కుళ్లిపోయాయి. అరటి రెండు మూడు రోజుల నీటిని తట్టుకుంటుంది. మొవ్వులోకి బురద దిగితే మాత్రం చెట్టు నిలబడే చచ్చిపోతుంది. ఆ వరద తర్వాత ఊడిమూడిలంక వైపు వంతెన మంజూరై పనులు మొదలయ్యాయి. దశాబ్దాలుగా అడుగుతున్న వంతెన అది.

పంట పోయినప్పుడు వచ్చే పరిహారం సంగతి కూడా చెప్పాలి. ఎన్యూమరేషన్‌కు వచ్చిన ఉద్యోగి ముందు అడిగేది పాస్‌బుక్. దున్నేవాడు కౌలుదారైతే పాస్‌బుక్ వేరొకరి బీరువాలో ఉంటుంది. కౌలు రైతుల కోసం 2011లో ఒక చట్టం, 2019లో ఇంకో చట్టం వచ్చాయి. రెండో చట్టం ప్రకారం కార్డు కావాలంటే భూయజమాని సంతకం పెట్టాలి. సంతకం పెడితే భూమి పోతుందని యజమానుల భయం. కౌలు ముందే చెల్లించి, పంట మొత్తం పోగొట్టుకుని, పరిహారం యజమాని ఖాతాలో పడితే చూస్తూ ఊరుకున్న కుటుంబాలు ఏ లంకలోనైనా ఉంటాయి. అందరూ చెడ్డవాళ్లు కారు. పరిహారాన్ని తెచ్చి దున్నినవాడి చేతిలో పెట్టే యజమానులూ ఉన్నారు. అయితే రైతు ఆ మంచితనం మీద ఆధారపడి బతకాల్సి రావడమే అన్యాయం.

నదిలోకి పోయిన సర్వే నంబర్లు

వరద వచ్చి పోతుంది. ఒండ్రు వేసి పోతే దానిని లంక రైతు నష్టమని పూర్తిగా అనడు, మరుసటి పంటకు అది పెట్టుబడి. భయపెట్టేది కోత. వరద తీసే సమయంలో ఒడ్డు అడుగునున్న ఇసుక జారి, పైన నేల పలకలు పలకలుగా విరిగి నీళ్లలో పడుతుంది. కాపుకొచ్చిన కొబ్బరిచెట్లు వేళ్లతో సహా ఒరుగుతాయి. కొన్ని లంకల్లో ఎకరాలకు ఎకరాలు అలా వెళ్లిపోయాయి, ఇళ్లు వెనక్కి జరిపి కట్టుకున్నారు. గ్రోయిన్లు కట్టిన చోట కోత ఆగింది. కానీ ఒక ఒడ్డున రాయి పేరిస్తే నది ఎదుటి ఒడ్డును తింటుందని రైతులకు తెలుసు, ఇంజినీర్లకూ తెలుసు. పాయల్లో యంత్రాలు దించి ఇసుక తోడేస్తున్న చోట ఒడ్డు నిలబడే అవకాశమే ఉండదు.

ఇంకో ప్రమాదం కంటికి కనిపించదు. పైన కట్టిన డ్యాముల్లో ఒండ్రు ఆగిపోతోంది. 1970లతో పోలిస్తే 1990ల నాటికి డెల్టాకు చేరే ఒండ్రు సగానికి పైగా తగ్గిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కకట్టారు. వాళ్లు సముద్రతీరం కోత గురించి ఆలోచిస్తూ ఆ లెక్క వేశారు. లంకలకూ అది వర్తిస్తుంది. నది తీసుకోవడం మానలేదు, ఇవ్వడం తగ్గించింది.

కోతలో పోయిన నేల కాగితం మీద పోదు. నదిలో పడిన ఎకరం పాస్‌బుక్‌లో ఎకరంగానే ఉంటుంది. పాయకు ఎదురుగా మేట వేసిన కొత్త నేల మాత్రం ప్రభుత్వ నదిగర్భంగా నమోదవుతుంది. దాన్ని బాగుచేసుకుంటే ఆక్రమణ అంటారు. పోయినదానికి హక్కు, వచ్చినదానికి నేరం! లంక రైతు రెండు తరాలుగా ఈ రెంటి మధ్య నలుగుతున్నాడు.

లంకవాసులను గట్టు బయటికి తరలించి కాలనీ కట్టించాలన్న మాట ప్రతి వరద తర్వాతా వినిపిస్తుంది. కొంతమంది రాత్రి పడుకోవడానికి గట్టు బయట ఇల్లు, పగలు పనికి లంక అని ఇప్పటికే సర్దుకున్నారు. మిగిలినవాళ్లు కదలకపోవడానికి మొండితనం కారణం కాదు. గట్టు బయట మూడు సెంట్లు దొరకొచ్చు, పశువుల దొడ్డికి చోటుండదు. గట్టు బయట ఎకరం కొనే స్తోమతు ఈ రైతుల్లో చాలామందికి లేదు.

2020 డిసెంబరులో రాష్ట్రమంతటా భూముల రీసర్వే మొదలైంది. డ్రోన్లు ఎగిరాయి, హద్దురాళ్లు పాతారు. ఏటా హద్దు మారే నేల మీద రాయి ఎక్కడ పాతాలన్నది లంకల్లో తేలలేదు. లంకలకు కావలసింది ఒక్కసారి కొలిచి వదిలేసే సర్వే కాదు. ప్రతి నవంబరులో, వరద పూర్తిగా తీశాక, ఏ ఒడ్డున ఎవరి నేల ఎంత పోయింది, ఎక్కడ ఎంత మేట వేసింది అని రాసిపెట్టే రిజిస్టరు కావాలి. అందులో భూయజమాని పేరు పక్కనే దున్నుతున్నవాడి పేరూ ఉండాలి. మేట నేలను పంచే రోజు వస్తే నేల పోగొట్టుకున్నవాళ్లనే ముందు పిలవాలి. ఊరి సచివాలయాలకు ఇప్పుడు సర్వేయర్లు ఉన్నారు. పడవ ఖర్చులిచ్చి పంపితే ఈ నవంబరులోనే ఆ పని మొదలుపెట్టవచ్చు.